పేలిక మీద పెద్దల దండయాత్ర

"మూడేళ్ళొచ్చినా ఇంకా ఆ పేలిక చంకన పెట్టుకునే తిరుగుతున్నాడా? మాన్పించాలమ్మా! నిద్రపోయాక తీసి అవతల పారెయ్యి. నాలుగు రోజులు ఏడుస్తాడు, ఐదోరోజు వాడే మరిచిపోతాడు. అంతగా అయితే మంచి బొమ్మ ఒకటి కొనివ్వు."

నరసరావుపేటలో పిల్లల డాక్టరు గది బయట కుర్చీల్లో, మాచర్ల బస్సులో, గురజాల పెళ్ళి పందిట్లో ఈ తీర్పు ఎవరో ఒకరు ఇస్తూనే ఉంటారు. అడక్కపోయినా ఇస్తారు. పక్కన ఉన్నవాళ్ళు తలాడిస్తారు. పిల్లవాడి తల్లి తలవంచుకుంటుంది.

ముందు వాళ్ళ వాదాన్ని వాళ్ళ తరఫునే చెబుతాను. గుడ్డ మురికిది, నోట్లో పెట్టుకుంటాడు, రోగాలొస్తాయి. దానికి అలవాటుపడితే పిరికివాడవుతాడు, బడికి పంపేరోజున పేచీ పెడతాడు. బజారులో తెలివిని పెంచే బొమ్మలు ఇన్ని ఉండగా చిరుగుపాతతో ఆడటం ఇంటికి దరిద్రం, నలుగురిలో నామర్దా. కాబట్టి ఎంత తొందరగా మాన్పిస్తే అంత మేలు. ఇలా చెప్పేవాళ్ళకు పిల్లలంటే ప్రేమ లేదనను. మొదటి మాటలో కొంత నిజమూ ఉంది. మిగతావి నిలబడవు. అన్నీ కలిపి ఇచ్చే తీర్పు అసలే నిలబడదు.

అసలా గుడ్డ ఎక్కడి నుంచి వచ్చింది? మన వైపు బిడ్డ పుట్టబోతోందంటే అమ్మమ్మ మొదట చేసే పని పాత చీరలు వెతకడం. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు చించి పొత్తిగుడ్డలు చేస్తుంది. కొత్తబట్ట ఒరుసుకుంటుందని బిడ్డ ఒంటికి తగలనివ్వదు. దూలానికి వేలాడే ఉయ్యాల పాత చీరే. కింద పరిచే బొంత, నాలుగైదు పాత చీరలు పొరలుగా పేర్చి దగ్గర దగ్గరగా కుట్లు వేసిందే. పాతగుడ్డను బిడ్డ చేతిలో పెట్టింది మనమే. మెత్తగా ఉంటుందని, తల్లి వాసన ఉంటుందని తెలిసే పెట్టాం. ఆ బిడ్డ మూడేళ్ళ తర్వాత కూడా మన మాటే నమ్ముకుని దాన్ని పట్టుకు తిరుగుతుంటే, అదే గుడ్డ ఇప్పుడు దరిద్రం ఎలా అయింది?

ఆ పేలికను ఒకసారి దగ్గరగా చూడండి. గుడ్డంతా ఒకేలా నలిగి ఉండదు, ఒక మూల మాత్రమే నలిగి ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దీ రుద్దీ ఆ మూల అంచు పీచు తేలుతుంది. ఇంకో మూల చేతికిస్తే పిల్ల కళ్ళు తెరవకుండానే గుడ్డ తిప్పి తిప్పి మళ్ళీ దాన్నే వెతుక్కుంటుంది. ఇది రాత్రి సంగతి. పగలు ఆ గుడ్డకు వెయ్యి పనులు. చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే పాపాయి. నెత్తిన కప్పుకుంటే పెళ్ళికూతురి ముసుగు. మంచం కోళ్ళకు కడితే ఇల్లు. భుజాన వేసుకుంటే తాత పొలం బయలుదేరాడన్నమాట. ఇంత పని చేసే వస్తువు ఆ ఇంట్లో ఇంకొకటి చూపించండి.

1. మురికి

ఇది నిజమైన అభ్యంతరం. అందుకే సమాధానం కూడా చిన్నది: ఉతకండి. ఉతికితే వాసన పోయిందని ఏడుస్తుంది కాబట్టి మొదట్లోనే గుడ్డను రెండు ముక్కలు చేసి మార్చి మార్చి వాడండి. పిల్ల చూస్తుండగా ఉతికి, పిల్ల చూస్తుండగా దండెం మీద ఆరెయ్యండి. వేళ్ళకు చుట్టుకునే పొడుగు దారాలుంటే కత్తిరించండి.

వయసు విషయంలో మాత్రం మెత్తగా మాట్లాడను. ఏడాది నిండని బిడ్డ పడుకునేచోట వదులు గుడ్డలు, దిండ్లు, మెత్తటి బొమ్మలు ఉండకూడదు. ముఖం మీద పడితే తీసుకునే శక్తి వాళ్ళకు ఉండదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఈ మాట ఏళ్ళ తరబడి చెబుతోంది, మన డాక్టర్లూ చెబుతారు, వినాలి. అయితే ఇది గుడ్డ ఎప్పుడు ఇవ్వాలన్న సంగతి. మూడేళ్ళ పిల్ల దగ్గర లాక్కోవడానికి దీన్ని సాకు చేసుకోవడం కుదరదు.

ఇంకో మాట. గుడ్డలో సూక్ష్మక్రిములు చూసే ఇంట్లోవాళ్ళే అన్నం తినిపించడానికి పిల్ల చేతిలో ఫోన్ పెడతారు. మిరప యార్డులో, బస్సు కమ్మీ దగ్గర, టీ బంకులో తిరిగొచ్చిన ఫోన్ అది. దాన్ని ఎవరూ ఉతకరు. రెండేళ్ళ లోపు పిల్లలకు తెర చూపించే పనే పెట్టుకోవద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట దాటనివ్వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏ పెళ్ళి పందిట్లోనూ ఆ తీర్పు చెప్పేవాళ్ళు నాకు కనబడలేదు.

2. పిరికితనం

అసలు వాదం ఇది. మిగతావన్నీ దీనికి తోక.

గుడ్డ పట్టుకున్న పిల్లవాడు పిరికివాడు కాబట్టి పట్టుకున్నాడా, పట్టుకోవడం వల్ల పిరికివాడవుతున్నాడా? తీర్పు చెప్పేవాళ్ళు ఈ రెంటినీ కలిపేస్తారు. మొదటిది నిజమైతే గుడ్డ తీసేసినా పిరికితనం అలాగే ఉంటుంది, ధైర్యం చెప్పే తోడు మాత్రం పోతుంది. రెండోది నిజమని చూపించాలంటే గుడ్డ ఉన్నప్పుడు పిల్లవాడు ఒదిగి కూర్చోవాలి, లేనప్పుడు ముందుకు దూకాలి. జరిగేది దానికి తలకిందులు.

1975లో అమెరికాలో రిచర్డ్ పాస్‌మన్, పాల్ వైస్‌బర్గ్ అనే ఇద్దరు ఇదే పరీక్షించారు. దుప్పటిముక్కకు అలవాటుపడ్డ చిన్నపిల్లలను ముందెన్నడూ చూడని గదిలోకి పంపారు. కొందరికి తోడుగా తల్లి, కొందరికి తమ దుప్పటి, కొందరికి ఇష్టమైన బొమ్మ, కొందరికి ఏదీ లేదు. తల్లి పక్కనున్న పిల్లలు ఎంత హాయిగా ఆడి గదంతా తిరిగారో, దుప్పటి ఉన్న పిల్లలూ దాదాపు అంతే ఆడారు, తిరిగారు. బొమ్మ మాత్రమే ఉన్నవాళ్ళు, ఏదీ లేనివాళ్ళు బేలపడ్డారు. "మంచి బొమ్మ కొనివ్వు" అనే సలహాకు యాభై ఏళ్ళ కిందటే జవాబు దొరికిందన్నమాట.

అంతకు ముందే, లండన్‌లో పిల్లల డాక్టరుగా పనిచేస్తూ మానసిక విశ్లేషణ వైపు వెళ్ళిన డొనాల్డ్ వినికాట్ దీని మీద ఒక వ్యాసం రాశాడు. 1951లో చదివి వినిపించాడు, 1953లో అచ్చయింది. పసిబిడ్డకు తల్లి వేరు, తాను వేరు అన్న సంగతి ఒక్కసారిగా అర్థం కాదు. ఆ మధ్యకాలంలో బిడ్డ ఒక వస్తువును తనదిగా చేసుకుంటుంది. అది బయటి నుంచి దొరికిందే, కానీ దానికి ప్రాణం పోసింది బిడ్డే. అది దొరికిందా, బిడ్డ చేసుకున్నదా అని పెద్దవాళ్ళు తవ్వకూడదంటాడు. తర్వాత వచ్చే ఆటా, కథా, కళా ఆ మధ్యచోటు నుంచే పెరుగుతాయని ఆయన సిద్ధాంతం. ఆయన చెప్పిందంతా ఒప్పుకోనక్కర్లేదు. ఒక్కటి చాలు: గుడ్డముక్కను పాపాయిగా చేసిన పిల్ల తన జీవితంలో మొదటి సృష్టి చేసింది. మనం చెత్తబుట్టలో వేస్తున్నది దాన్ని.

"అవన్నీ తెల్లవాళ్ళ పిల్లల సంగతులు. వాళ్ళు బిడ్డను వేరే గదిలో పడుకోబెడతారు. మనకెందుకు?" ఈ అభ్యంతరం తెలివైనది, కాబట్టి కాస్త ఆగుదాం. ఇటలీలో రెనాటా గడ్డీని, యూజీనియో గడ్డీని 1970లో అచ్చువేసిన పరిశీలనలో పల్లె పిల్లల్లో నూటికి ఐదుగురికి కూడా ఇలాంటి గుడ్డ లేదు. రోమ్ నగరంలో అయితే నూటికి 31 మందికి ఉంది. పల్లెలో బిడ్డ తల్లి పక్కనే పడుకుంటుంది. వేరే తోడుతో పనేముంది? నిజమే, మన ఇళ్ళల్లోనూ అంతే. బిడ్డ చేతిలో తల్లి కొంగు ఉండేది, చెవితమ్మె ఉండేది, జడ ఉండేది.

ఉండేది. ఆ మాటలోనే ఉంది తిరకాసు. ఇప్పుడు తల్లీతండ్రీ హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తే బిడ్డ పేటలో నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. మూడేళ్ళకే ప్లేస్కూలు వ్యాను వీధి మలుపులో హారన్ కొడుతోంది. మిరప కోతల కాలంలో కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పల్నాడు పొలాలకు వలస వస్తాయి. గట్టున చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కడతారు, తల్లి సాళ్ళలో కాయ కోస్తూ కోస్తూ దూరమైపోతుంది. ఉయ్యాలలో మిగిలేది ఆమె చీర. పల్నాడు పిల్ల చేతిలోంచి కొంగును తీసేసింది జీతాలూ, వలసలూ, వ్యాన్లూ. అందులో సగం తప్పించుకోలేనిదే. కానీ కొంగు తీసేసుకున్నవాళ్ళమే, దానికి బదులుగా పిల్ల తనంతట తాను చేసుకున్న తోడును కూడా తీసేస్తామంటే ఏ న్యాయం? పల్లెటూరి పెంపకం గొప్పదని చెప్పి, పట్నపు పెంపకంలో ఉన్న బిడ్డను శిక్షిస్తున్నారు.

3. తెలివిని పెంచే బొమ్మ

నొక్కితే ఏబీసీడీ పాడుతుంది, రంగు దీపాలు వెలుగుతాయి, ఆవు బొమ్మ ముట్టుకుంటే 'కౌ' అంటుంది. పెట్టె మీద మెదడు బొమ్మ, పక్కన వయసు. ఇది కొనివ్వడం పెంపకం, పాతగుడ్డతో ఆడనివ్వడం నిర్లక్ష్యం అని లెక్క.

ఆవు 'కౌ' అన్నాక పిల్లకు చెయ్యడానికి మిగిలిందేమిటి? మళ్ళీ నొక్కడం. అన్నా సోసా అనే పరిశోధకురాలు 2016లో అచ్చువేసిన పరిశీలనలో, ఏడాది అటూఇటూ వయసున్న పిల్లలతో తల్లిదండ్రులు బ్యాటరీ బొమ్మలు పెట్టుకుని ఆడినప్పుడు మాటలు తగ్గాయి. పుస్తకాలతో, మామూలు బొమ్మలతో కూర్చున్నప్పుడు పెరిగాయి. బొమ్మే మాట్లాడుతుంటే తల్లి నోరు మూసుకుంటుంది, అంతే. 2018లో టొలెడో విశ్వవిద్యాలయం వాళ్ళు చిన్నపిల్లల ముందు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు పెట్టి చూశారు. నాలుగున్నప్పుడే ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యులు కూడా సాదా బొమ్మలే మేలని తేల్చారు. ఈ పరిశీలనలు చిన్నవే, కొద్దిమంది పిల్లలతో చేసినవే. అయినా 'తెలివి పెంచుతుంది' అని పెట్టె మీద అచ్చువేసినవాడి దగ్గర ఉన్న రుజువు కన్నా ఇవి ఎక్కువ.

పాతది పోతే అచ్చం అలాంటి కొత్తది కొనిస్తే సరిపోతుందన్నది దీనికి తోకగా వచ్చే వాదన. 2008లో బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఒక 'నకలు యంత్రం' చూపించారు. ఏ వస్తువు పెట్టినా అచ్చం అలాంటిదే ఇంకొకటి వస్తుందని నమ్మించారు. రోజూ పక్కన పెట్టుకుని పడుకునే తమ వస్తువును ఆ పెట్టెలో పెట్టడానికే కొందరు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళలో ఎక్కువమంది నకలు వద్దు, మాదే మాకిమ్మన్నారు. పెళ్ళినాటి తాళిని కరిగించి అదే బరువులో కొత్తది చేయిస్తానంటే ఒప్పుకోని తల్లికి ఈ సంగతి వేరే చెప్పాలా?

ఇక మన ఊళ్ళ సంగతి. కోటప్పకొండ తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దేవుడి పేర కట్టిన ప్రభలు బయలుదేరతాయి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు. వాసాలు, వెదుళ్ళు, గుడ్డ, రంగు కాగితం, ఇప్పుడు కరెంటు దీపాలు. ఊరంతా వారాల తరబడి కడుతుంది. దాని పక్కనే ఊళ్ళల్లో పిల్లలూ చిన్న చిన్న ప్రభలు కట్టుకుని వీధుల్లో తిప్పుతారు. కొత్త సామాను ఎవరూ కొనివ్వరు. పెద్ద ప్రభకు మిగిలిన వెదురుబద్దలు, అమ్మ పాత చీర అంచు, మైదా ఉడికించిన జిగురు. కడుతుంటే ఒకపక్కకు ఒరుగుతుంది, తాడు బిగిస్తే ఇంకోపక్కకు లాగుతుంది. నిలబెట్టడానికి పిల్లలు ఎవరూ నేర్పని ఇంజినీరింగు నేర్చుకుంటారు. ఊడిన గుడ్డను ఏమైనా చెయ్యొచ్చని తెలిసిన చేతులే ఆ పని చెయ్యగలవు. పేలికను పాపాయి చేసిన చేతులకూ, గుడ్డలోకీ వెదురులోకీ దేవుణ్ణి రప్పించే చేతులకూ మధ్య ఉన్నది కొన్నేళ్ళ దూరమే. పెద్ద ప్రభ ముందు చేతులు జోడించే నాయనే ఇంట్లో పిల్ల గుడ్డను చూసి "చెత్త" అంటాడు.

జొన్నబెండ్ల బండి కూడా అంతే. చొప్పదంటు మీది పెచ్చు పళ్ళతో చీల్చి పుల్లలు చెయ్యాలి, లోపలి బెండును గుండ్రంగా కోసి చక్రాలు చెయ్యాలి, పుల్లను ఇరుసుగా గుచ్చాలి. గట్టిగా గుచ్చితే బెండు పగులుతుంది, వదులుగా గుచ్చితే చక్రం ఊడుతుంది. ఆ మధ్య ఒత్తిడి ఎంతో వేలికి తెలియాలి. ఇది ఏ పెట్టెలోనూ రాదు. అన్నట్టు, సభల్లో బాలచంద్రుడి పౌరుషం గురించి గొంతు చించుకునేవాళ్ళు ఒకటి దాటేస్తారు. పల్నాటి వీరచరిత్రలో ఆ కుర్రవాడు యుద్ధానికి ముందు మనకు కనబడేది బొంగరాలాడుతూ.

ప్రభుత్వానికి కూడా బొమ్మలు గుర్తొచ్చాయి, మంచిదే. 2020 ఆగస్టులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో కొండపల్లినీ, ఏటికొప్పాకనూ ప్రస్తావించారు. 2021 జనవరి నుంచి బొమ్మలకు నాణ్యత ముద్ర తప్పనిసరి చేశారు. దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కీ, 2023లో 70కీ వెళ్ళింది. అదే ఏడాది మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 'జాదూయీ పిటారా' అనే ఆటవస్తువుల పెట్టె విడుదల చేశారు. వీటిలో తప్పు పట్టాల్సింది పెద్దగా లేదు. కానీ ఈ గొడవంతటిలో బొమ్మంటే ఎవరో తయారుచేసి ఎవరో అమ్మేది, పిల్లంటే దాన్ని అందుకునేది. కొండపల్లి బొమ్మ కొన్న ఇళ్ళల్లో అది ఎక్కడుంటుందో చూడండి: అద్దాల బీరువాలో, పిల్ల చెయ్యి అందనంత ఎత్తులో.

4. "మా రోజుల్లో"

నా పక్షాన ఉన్నామనుకునేవాళ్ళతోనూ ఒక తగువుంది. తాటికాయ బండి, టైరు, వామనగుంటలు, అచ్చనగాయలు, అరుగుమీది నాపరాయిపై బొగ్గుతో గీసిన పులిజూదం అంటూ కళ్ళు తుడుచుకునేవాళ్ళు. సంక్రాంతి సంబరాల్లో పిల్లల చేత వేదిక మీద ఇవన్నీ 'ప్రదర్శింపజేసి' ఫోటోలు దిగి ఇంటికెళ్తారు. మర్నాడు పొద్దున ఐదింటికి అదే పిల్లను స్టడీ అవర్‌కు లేపుతారు.

వీళ్ళు లేమిని ఆటగా పొగుడుతున్నారు. కొనే స్తోమత లేక తాటికాయతో ఆడిన పిల్లకు కొనిస్తే వద్దనేదా? నేనేమీ బొమ్మలు కొనొద్దనడం లేదు. పిల్లకు కావలసింది వస్తువు పాతదా కొత్తదా అన్న తేడా కన్నా ముందు, దాన్ని తన ఇష్టమొచ్చినట్టు చేసుకునే వీలు, దానికి సరిపడా వేళ. పాత ఆటలను దండలు వేసి ఫోటో కట్టించిన పెద్దలు ఆ వేళను మాత్రం ట్యూషన్‌కు రాసిచ్చారు.

5. నాలుగు రోజుల ఏడుపు

అన్నిటికన్నా క్రూరమైన మాట ఇది. క్రూరమని తెలియకుండానే చెప్పే మాట కూడా.

ఐదోరోజు ఏడుపు ఆగుతుంది. నిజమే. ఏడుపు ఆగింది కాబట్టి మరిచిపోయాడన్న లెక్క ఎక్కడిది? పెద్దవాళ్ళ విషయంలో ఇలా అంటామా? ఇంట్లో ఎవరైనా పోతే ఐదోరోజు ఏడుపు ఆపిన మనిషిని చూసి "ఇక మరిచిపోయాడు" అనుకుంటామా?

పైగా ఇక్కడ పోయింది గుడ్డ ఒక్కటే కాదు. నిద్రపోయినప్పుడు తీసేశారు. తన వస్తువును తాను కళ్ళు మూసినప్పుడు ఇంట్లోవాళ్ళే తీసుకుపోతారని పిల్లకు తెలిసింది. "కుక్క ఎత్తుకుపోయింది", "బూచోడు పట్టుకెళ్ళాడు" అని అబద్ధం కూడా చెబుతాం. ఆ తర్వాత పిల్ల నిద్రపోనని మారాం చేస్తే, గుడ్డ అలవాటు వల్లే ఇదంతా అని మళ్ళీ గుడ్డనే తిడతాం.

తీసెయ్యకపోతే ఏమవుతుంది? పెళ్ళి పీటల మీదికి కూడా తీసుకెళ్తాడా? వెళ్ళడు. నడవడం, మాట్లాడటం, స్నేహితులు, బడి, ఒక్కొక్కటీ వచ్చేకొద్దీ గుడ్డకు పని తగ్గుతుంది. మొదట పగలు మరిచిపోతుంది, జ్వరమొచ్చినరోజు అడుగుతుంది. ఊరెళ్ళేటప్పుడు సంచిలో పెట్టమంటుంది, అక్కడ బయటికి తియ్యదు. చివరికి ఎక్కడో మంచం కింద ఉంటుంది. వినికాట్ గమనించింది కూడా ఇదే: ఆ వస్తువు కోసం పిల్ల ఏడవదు, దాన్ని మరిచిపోనూ మరిచిపోదు, దాని అవసరం తీరిపోతుంది. అవసరం తీరడానికీ, లాక్కోవడానికీ తేడా తెలియనివాళ్ళు ఎవరి పిల్లకూ సలహాలు ఇవ్వనక్కర్లేదు. పెద్దదైనా ఆ గుడ్డ వదలక, దానితో పాటు తిండీ నిద్రా ఆటా కూడా మానేస్తే డాక్టరును అడగాలి. అప్పుడు కూడా చూడాల్సింది పిల్లను ఏం బాధిస్తోందన్నది.

ఇక ఈ తీర్పును పద్ధతిగా మార్చిన చోటు ఒకటి ఉంది. మన ప్రాంతంలో ఆరేడేళ్ళ పిల్లలను కూడా హాస్టళ్ళలో వేస్తున్నారు. చేర్చేరోజు ఇచ్చే సామాను జాబితాలో కంచం, గ్లాసు, బకెట్టు, మగ్గు, తాళం, రెండు జతల బూట్లు, పేరు కుట్టిన దుప్పటి ఉంటాయి. ఇంటి నుంచి బొమ్మలు, పాతబట్టలు తేకూడదని అడుగున రాస్తారు. దుప్పటి కొత్తదై ఉండాలి, అన్నీ ఒకే రంగై ఉండాలి. మొదటి వారం రాత్రుళ్ళు ఆ హాల్లో వినిపించేది ఏమిటో వార్డెన్లకు తెలుసు, ఆయాలకు తెలుసు. "అలవాటైపోతుంది" అంటారు. అదే నాలుగు రోజుల సిద్ధాంతం, ఈసారి రసీదుతో.

ఆ అడుగు పంక్తిని కొట్టెయ్యండి. దాని బదులు "ఇంటి నుంచి ఒక పాత గుడ్డ, పిల్ల ఎంచుకున్నది" అని రాయండి. పెట్టెలో చోటు లేదంటారా, జానెడు గుడ్డ. మురికంటారా, మిగతా బట్టలతో పాటు ఆదివారం ఉతకండి. తోటి పిల్లలు నవ్వుతారంటారా, అందరి దగ్గరా ఉంటే నవ్వేదెవరు? ఇంకా కుదరదంటే, ఎందుకు కుదరదో తల్లుల ముందు నిలబడి కారణం చెప్పండి. ఫీజు కట్టించుకునేటప్పుడు చెప్పినంత స్పష్టంగా చెప్పండి.